జాబితా రాకముందు

మన ఇళ్ళలో ఎదురుచూపులకు కొరత లేదు. ఇంటర్మీడియట్ మార్కులు, ఒకనాటి ఎంసెట్, నేటి ఈఏపీసెట్ ర్యాంకులు, ఐఐటి సీట్లు... ఏడాదిలో సగం కాలం ఏదో ఒక జాబితా కోసం చూస్తూనే గడుపుతాం. వాటి గురించి వ్రాయడానికి పత్రికలున్నాయి, మాట్లాడడానికి టీవీలున్నాయి. నేను ప్రస్తావించదలచుకున్నది ఇంకో రకం ఎదురుచూపు. దానితో కాలేజీ సీటు సాధారణంగా నేరుగా ముడిపడి ఉండదు. విజ్ఞానశాస్త్రమంటే ఇష్టం కలిగిన పిల్లలు కేవలం ఆ ఇష్టం కొద్దీ వ్రాసే పరీక్షల ఫలితాల కోసం చూసే చూపు అది.

సైన్సు ఒలింపియాడ్లనే తీసుకుందాం. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకూ, ఖగోళశాస్త్రానికీ మొదటి వడపోత సాధారణంగా నవంబరులో జరుగుతుంది. అందులో నెగ్గినవారికి జనవరి, ఫిబ్రవరి ప్రాంతాల్లో రెండవ పరీక్ష. అందులోనూ నిలిచిన కొన్ని పదుల మందిని ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రంలో వేసవి శిబిరానికి పిలుస్తారు. చివరకు అంతర్జాతీయ పోటీకి వెళ్ళే జట్టులో భౌతికశాస్త్రానికి అయిదుగురు, రసాయన, జీవశాస్త్రాలకు నలుగురేసి. అంటే నవంబరు నుంచి వేసవి దాకా ఒక్కొక్క మెట్టు మీద ఒక్కొక్క జాబితా. పరీక్ష వ్రాసే సమయం గంటల్లో ఉంటుంది, ఎదురుచూసే సమయం వారాల్లో ఉంటుంది. పిల్లవాడి మనసు మీద ఏది ఎక్కువ ముద్ర వేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఎంపిక ఉండకూడదని నేననను. శిబిరంలో ప్రయోగశాలలు పరిమితం, బోధించేవారు పరిమితం. అందరినీ పిలవడం సాధ్యం కాదు. పైగా ఈ పరీక్షల ప్రశ్నలు మన కోచింగు సెంటర్లు వల్లెవేయించే బాపతు కావు. రెండవ దశ భౌతికశాస్త్ర పరీక్షలో సమాధానాన్ని మెట్టు మెట్టుగా వ్రాసి చూపాలి. ఆలోచించే అలవాటున్న పిల్లలకు అటువంటి ప్రశ్నాపత్రం ఒక పండుగ. నా పేచీ పరీక్షతో కాదు. పరీక్షకూ ఫలితానికీ నడుమనున్న ఖాళీని మనం దేనితో నింపుతున్నామన్నదే నా ప్రశ్న.

మా అక్క కూతురు కిందటేడు ఇటువంటి పరీక్షొకటి వ్రాసి వచ్చింది. ఆ సాయంత్రం ఆమె తలలో ఒక ప్రశ్న తిరుగుతోంది. గ్లాసులో నీళ్ళున్నాయి, ఆ నీళ్ళలో మంచుగడ్డ తేలుతోంది, ఆ గడ్డలో ఒక ఇనుపముక్క ఇరుక్కుని ఉంది. మంచు కరిగితే నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? తగ్గుతుందని తన వాదన. ముక్క మంచుతో కలిసి తేలుతున్నంతసేపూ తన బరువంత నీటిని తొలగిస్తుంది. అడుగుకు చేరాక తన పరిమాణమంత నీటినే తొలగిస్తుంది. వాదించి ఊరుకోక, గిన్నెలో నీళ్ళు పోసి, ఒక చిన్న నట్టు వేసి ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు పొద్దున గ్లాసు మీద పెన్నుతో గీత గీసి కూర్చుంది. మంచు కరిగాక నీళ్ళు గీతకు నూలుపోగంత దిగువన నిలిచాయి. ఆ ముఖంలోని వెలుగు చూడవలసిందే.

ఆ వెలుగు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. అప్పటికే ఫోనులో రెండు మూడు కోచింగు సంస్థల 'కీ'లు వచ్చిపడ్డాయి. ఒకదానితో ఒకటి పొసగని జవాబులు. ఒక కీ ప్రకారం ఇన్ని మార్కులు, ఇంకో కీ ప్రకారం అన్ని. కటాఫ్ ఎంత ఉండవచ్చునని ఊహాగానాలు. కిందటేడు ఎంత, అంతకుముందేడు ఎంత అని లెక్కలు. నట్టు, మంచు, గ్లాసు అన్నీ మరుగునపడిపోయాయి. నిన్నటిదాకా 'ఎందుకు?' అని అడిగిన పిల్ల ఇవాళ 'ఎంత?' అని మాత్రమే అడుగుతోంది. ఇందులో ఆమె తప్పు లేదు. ఇంట్లో మేమందరం అడిగినదీ అదే. "ఎంత రావచ్చునే?" అన్నామే గాని "ఏ ప్రశ్న బాగుందే?" అన్నవారు లేరు.

ఎదురుచూడడం ఓపిక నేర్పుతుందనీ, శాస్త్రవేత్త కావలసినవాడికి ఓపిక అవసరమేననీ కొందరు పెద్దలంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కాని శాస్త్రంలో ఎదురుచూపు ఎలా ఉంటుందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. అందుకు దూరం పోనక్కరలేదు, మన గుంటూరుకే పోదాం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులోనూ, మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నంలోనూ దానిని పరిశీలించారు. సూర్యుని అంచున లేచే జ్వాలల వెలుగును విడదీసి చూస్తే కాంతివంతమైన గీతలు కనబడ్డాయి. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చునని జాన్సెన్‌కు తోచింది. మర్నాడే చూశాడు కూడా. వాటిలోని ఒక పసుపుపచ్చని గీత సోడియం గీతలతో సరిపోలడం లేదని ఇంగ్లండులో లాకియర్ ఆ ఏడాదిలోనే గుర్తించాడు. భూమ్మీద తెలియని మూలకమేదో సూర్యునిలో ఉన్నదన్న ఆలోచన అలా పుట్టింది. సూర్యుని గ్రీకు పేరు మీదుగా దానికి హీలియం అని పేరు వచ్చింది. అది భూమ్మీద రామ్సే చేతికి చిక్కినది 1895లో. నడుమ గడచినవి 27 సంవత్సరాలు!

ఆ 27 సంవత్సరాలూ ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సందేహించినవారు సందేహించారు, కొలిచినవారు కొలిచారు. శాస్త్రంలో ఎదురుచూసేవాడికి తాను దేనికోసం చూస్తున్నాడో తెలుసు. ఫలితం తనకు అనుకూలంగా రాకపోయినా ఎందుకు రాలేదో విచారించే దారి తెరిచి ఉంటుంది. మన పిల్లల ఎదురుచూపు అటువంటిదేనా? జాబితాలో సంఖ్య ఉంటుంది, లేదా ఉండదు. లేకపోతే ఎక్కడ ఆలోచన పక్కదారి పట్టిందో చెప్పేవారుండరు. దానిని ఓపిక అనడానికి నాకు మనస్కరించదు. అది చేయగలిగినదేమీ లేక కూర్చోవడం.

ఇక ఎదురుచూపుకు అంతే లేకుండా పోయిన సందర్భాలూ ఉన్నాయి. 1999లో మొదలైన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన మౌలిక శాస్త్రాల వైపు పిల్లలను మళ్ళించడానికి ఏర్పడినది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ దానిని నిర్వహించేది. ఆ పరీక్ష ఇంగ్లీషు, హిందీ భాషల్లోనే ఉండేదన్న లోపం అలా ఉంచితే, దాని చివరి విడత కథ చూడండి. 2021 నవంబరు 7న జరగవలసిన పరీక్ష 2022 జనవరి 9కి, అక్కడినుంచి మే 22కి జరిగింది. నవంబరులో ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్న పిల్లవాడు ఒకే పరీక్షకు మూడు తేదీలు చూశాడన్నమాట. ఆ తరువాత పథకాన్నే ఇన్‌స్పైర్‌లో కలిపివేశారు. ఇన్‌స్పైర్ ఉపకారవేతనానికి ప్రధానంగా బోర్డు మార్కులే ప్రాతిపదిక. 1963లో ఢిల్లీలో 10 ఉపకారవేతనాలతో ఆరంభమై, తరువాతి ఏడాదే 350కి పెరిగి దేశమంతటికీ విస్తరించిన జాతీయ ప్రతిభాన్వేషణ పథకానికి 2021 మార్చితో అనుమతి గడువు ముగిసింది. తదుపరి ఆదేశాలు వచ్చేవరకు నిలుపుదల అన్నారు. ఆ ఏళ్ళలో పదవ తరగతిలో ఉన్న పిల్లలు చూసిన ఎదురుచూపుకు జాబితా కూడా లేదు.

జాబితా వచ్చి, అందులో పేరు లేని పిల్లలకు మనం చెప్పే ఓదార్పు మాటలు కూడా నాకు అంతగా రుచించవు. వెంటనే యల్లాప్రగడ సుబ్బారావుగారిని పిలుచుకొస్తాం. ఆయన మెట్రిక్యులేషన్ తప్పి, మళ్ళీ వ్రాసి, ఎంతవాడయ్యాడో చూడమంటాం. ఆయన గొప్పతనం నిస్సందేహం. కాని ఆ ఓదార్పులో ఒక మెలిక ఉంది. "ఈ జాబితాలో లేకపోయినా ఫరవాలేదు, ఇంకా పెద్ద జాబితాలో ఉంటావులే" అనే గదా దాని అర్థం! సుబ్బారావు కాలేని పిల్ల గతేమిటి? నట్టును గడ్డకట్టించి చూసిన ఆ ఉదయానికి తనంతట తనకే విలువ లేదా?

కాబట్టి నా మనవి రెండు వర్గాలకు.

పరీక్షలు నిర్వహించేవారికి: ఫలితాల తేదీ ముందే చెప్పండి, దానికి కట్టుబడండి. మార్చవలసివస్తే కారణం చెప్పండి. వ్రాసిన ప్రతి పిల్లకూ తన జవాబుపత్రం చూసుకునే వీలు కల్పించండి, ఏ మెట్టు దగ్గర తడబడిందో తెలిసేలా. జవాబుల పట్టికతో సరిపెట్టక, ప్రతి ప్రశ్న వెనకనున్న ఆలోచనను వివరంగా, తెలుగుతో సహా భారతీయ భాషలన్నిటిలోనూ ప్రకటించండి. శిబిరానికి పిలవగలిగేది కొన్ని పదుల మందినే కావచ్చు, ప్రశ్నలను మాత్రం అందరికీ పంచవచ్చును.

తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ: పరీక్ష అయిన సాయంత్రం పిల్లల చేతిలో ఇంకా ప్రశ్నాపత్రం ఉంటుంది. వాళ్ళ తలలో ప్రశ్నలు ఇంకా వేడిగా ఉంటాయి. ఏడాది మొత్తంలో వాళ్ళు శాస్త్రానికి అంత దగ్గరగా ఉండే రోజు మరొకటి దొరకడం కష్టం. ఆ రోజును కటాఫ్ లెక్కలకు బలి చేయకండి. మీకు ఆ లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. "ఏ ప్రశ్న బాగుంది?" అని అడగడానికి భౌతికశాస్త్రం రానక్కరలేదు. పిల్ల చెప్పే జవాబు విని "అదెలా తెలుస్తుంది?" అంటే చాలు, మిగిలినది ఆమే చూసుకుంటుంది.

ఫలితం రావలసిన రోజున వస్తుంది. పేరుంటే సంతోషం, లేకపోతే రెండు రోజులు బాధ సహజం. ఆ బాధను ఎవరూ తీసివేయలేరు, తీసివేయనక్కరలేదు కూడా. అయితే జాబితా వచ్చేసరికి ప్రశ్న ఇంకా ఆ పిల్లకు గుర్తుండాలి. ఎంపికైన పిల్లకైనా, కాని పిల్లకైనా రేపు పనికొచ్చేది అదే.

మీ ఇళ్ళలో పరీక్షలు వ్రాసి ఫలితాల కోసం చూస్తున్న పిల్లలుంటే, ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఒక ప్రశ్న అడిగి చూడండి. ఏం జరిగిందో తెలుసుకోవాలని నాకూ కుతూహలంగా ఉంది.