ప్రశ్న వినిపించింది, జవాబేది?
శాసనసభ సమావేశాలు ముగిశాక తమ ప్రసంగాల వీడియో తునకలను నియోజకవర్గ వాట్సాప్ గ్రూపుల్లో పంచి, ప్రజలకు లెక్క అప్పజెప్పామనుకొనే ధోరణి శాసనసభ్యుల్లో బలపడుతోంది. మౌనం కన్నా ఇది మేలే గాని, ఆ తునకల్లో ప్రశ్న వినిపిస్తుంది, మంత్రి జవాబు వినిపించదు. నక్షత్ర గుర్తు ప్రశ్నకు, అంటే మంత్రి సభలోనే మౌఖికంగా బదులిచ్చి అనుబంధ ప్రశ్నలనూ ఎదుర్కోవలసిన ప్రశ్నకు, దక్కే అసలు ఫలం ఆ జవాబులోని హామీ; అది నెరవేరిందో లేదో చూడటానికి సభకు ప్రభుత్వ హామీల సంఘం ఉన్నా, ఆ సంగతి ఓటరు దాకా రావడం అరుదు. ఉదాహరణకు, హిరమండలం జలాశయం నుంచి మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్న ఉద్దానం ప్రాంతానికి నీరందించే 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరులోనే ప్రారంభమైంది కనుక, అక్కడి కవిటి మండలంలో మూత్రపిండాల రోగి ఉన్న ఇంటికి సభ్యుడి ఆవేశంతో పనిలేదు. కుళాయి ఏ రోజుల్లో, ఎంతసేపు వస్తుందని ప్రభుత్వం చెప్పిందో తెలియాలి. వంశధార నదిపై ప్రతిపాదించిన, ఒడిశాతో వివాదంలో ఉన్న నేరడి బ్యారేజీ విషయంలోనైతే 'పరిశీలనలో ఉంది' అన్న జవాబూ సమాచారమే, దాచవలసిన పనిలేదు. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల 19 మంది సభ్యులూ అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, ఇచ్చిన గడువు, తాము సభకు హాజరైన రోజులు ఒకే కాగితంపై ముద్రించి గ్రామ సచివాలయాల గోడలకు అంటించాలి. మళ్లీ సభ కొలువుదీరే లోపు మండల పరిషత్తు సర్వసభ్య సమావేశాల్లో దానిపై ప్రశ్నలకు బదులివ్వాలి.