జుట్టు సాపు చేసే మిషను కొనే ముందు



పూర్వం పెండ్లివారింట అద్దం, దువ్వెన, కొబ్బరినూనె సీసా ఉంటే ఆడపిల్లల అలంకారానికి సరిపోయేది. ఇప్పుడు పెండ్లికైనా, క్రిస్మస్ ఆరాధనకైనా వాళ్లు తయారయ్యే గదిలో రెండు పలకలున్న కరెంటు పటకారు ఒకటి కనబడుతోంది. దీన్నే స్ట్రెయిట్నర్ అంటున్నారు. ఉంగరాల జుట్టును వేడితో సాపు చేసే మిషను ఇది. "అయ్యగారూ, అమ్మాయి ఇది కొనమని పట్టుబడుతోంది. విశ్వాసులు వాడవచ్చునా?" అని తల్లులు అడుగుతున్నారు. ఈ నెల దీనిని గూర్చి ఆలోచిద్దాము.

మొదట వాక్యం చూద్దాము. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయంలో జడలు, నగలు, వస్త్రాలు ఈ మూడింటి ప్రస్తావన ఒకే వచనంలో ఉంది. బట్టలు కట్టుకోవద్దని అపొస్తలుడు చెప్పలేదు గదా! అలాగే తల దువ్వుకోవడాన్నీ ఆయన తప్పు పట్టలేదు. పైపై సింగారమే మన విలువ అనుకోవద్దని ఆయన బోధ. కాబట్టి మిషను పాపమా కాదా అని వాదించుకోవడం కంటె, మన పిల్లకు అది కావాలనిపించడానికి కారణమేమిటని అడగడం మేలు.

చాలా ఇండ్లలో ఆ కారణం మన నోటిమాటే. "ఏమిటే ఆ పిచ్చుకగూడు" అని మేనత్త నవ్వుతుంది. పెండ్లిచూపులకు వచ్చినవారు జుట్టు గుబురుగా ఉందని పెదవి విరుస్తారు. అలాంటి మాటలు విని విని ఆ పిల్ల యౌవనస్థుల కూడికకు రావడానికే సిగ్గుపడుతుంది. పరమగీతము 5వ అధ్యాయం 11వ వచనం తెరచి చూడండి. అక్కడ వధువు తన ప్రియునిలో మెచ్చుకొనేది నొక్కులు తిరిగిన నల్లని జుట్టునే. మనం వంక పెట్టినదాన్ని దేవుని గ్రంథం అందమని చూపుతోంది.

అమెరికాలో నల్లజాతి స్త్రీలు ఈ సిగ్గును తరతరాలుగా మోశారు. దాసత్వం నుండి విడుదలైన తల్లిదండ్రులకు 1867లో లూసియానాలో పుట్టిన సారా బ్రీడ్‌లవ్ బట్టలుతికి బ్రతికిన స్త్రీ. తన జుట్టు ఊడిపోతూండగా మాడుకు రాసే మందు తయారుచేసి, మేడమ్ సి. జె. వాకర్ అనే పేరుతో గొప్ప వ్యాపారస్థురాలైంది. వేడి దువ్వెన వాడకం ఆమె పద్ధతిలో ఉన్నప్పటికీ, జుట్టు సాపు చేసే మనిషి అనిపించుకోవడం ఆమెకు ఇష్టం లేదు. మాడు, జుట్టు ఆరోగ్యంగా ఉండడమే తన పని అనేది. 1919లో ఆమె మరణించింది. ఆమె పెట్టుకున్న వరస మనకూ మంచిది. ముందు ఆరోగ్యం, తరువాతే అలంకారం.

ఇక మిషను సంగతి. వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారైంది. దానిలో బలహీనమైన బంధాలు కొన్ని, గట్టివి కొన్ని ఉంటాయి. వేడికి బలహీనమైనవి విడిపోయి, చల్లారాక కొత్త ఆకారంలో కుదురుకుంటాయి. వాన తగిలినా, తలంటుకున్నా అవి మళ్లీ విడిపోయి ఉంగరాలు తిరిగి వస్తాయి. అంటే సాపుదనం తాత్కాలికం. కాని వేడి మితిమీరి వెంట్రుక మాడితే ఆ నష్టం తాత్కాలికం కాదు. కొత్త జుట్టు పెరిగేవరకు ఆగవలసిందే.

కొనేటప్పుడు వేడిని అంకెల్లో చూపించి, తగ్గించుకొనే వీలున్నదే తీసుకోండి. సంతలో దొరికే చౌకరకాలు కొన్నింటికి ఒక ఎర్రలైటు తప్ప మరేమీ ఉండదు. సన్నని జుట్టుకు 150 డిగ్రీలు, మామూలు జుట్టుకు 180 డిగ్రీల లోపు చాలు. ఎంత ఒత్తు జుట్టుకైనా 200 దాటనివ్వకండి. గారెలు వేగే నూనె వేడి ఇంచుమించు 180 డిగ్రీలేనని గుర్తుంచుకోండి! సిరామిక్ పూత ఉన్న పలకలు వేడిని సమంగా పంచుతాయి. మిషను మూసి వెలుతురుకెదురుగా పట్టి, పలకల మధ్య సందు లేదని చూసుకోండి. కొంతసేపటికి దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటే మరీ మంచిది. బిల్లు, గ్యారంటీ కార్డు అడిగి తీసుకోండి.

వాడేటప్పుడు జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి. తడిజుట్టు మీద పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకను చిట్లగొడుతుంది. తలకు నూనె ఉన్నప్పుడు అసలే వద్దు. చిక్కు తీసి, వేడి నుండి కాపాడే సీరం కొద్దిగా రాసి, సన్నని పాయలుగా విడదీయండి. మాడుకు అర అంగుళం ఎడంగా మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా కొసవరకు ఒక్కసారి లాగండి. రోజూ వాడవద్దు. పండుగకో, పెండ్లికో చాలు. నైలాన్ సవరానికి పెడితే అది కరిగిపోతుంది. బట్టల ఇస్త్రీపెట్టెతో తల సాపు చేయడం మాత్రం ఎన్నడూ చేయవద్దు.

మన పల్లెల్లో మరొక అపాయం ఉంది. మధ్యలో కరెంటు పోతే మిషనును మంచం మీద పడేసి వెళ్తారు. స్విచ్చి వేసే ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు వస్తే దుప్పటి అంటుకుంటుంది. కరెంటు పోగానే ప్లగ్గు పీకేయండి. ఆపిన తరువాత కూడా పలకలు చాలాసేపు వేడిగా ఉంటాయి గనుక పసిపిల్లలకు అందనివ్వకండి. చెయ్యి కాలితే గాజులు, ఉంగరాలు తీసి, 20 నిమిషాలు మామూలు చల్లని నీటిధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు రాయవద్దు. బొబ్బ చిదమవద్దు. కంటి దగ్గర, ముఖం మీద కాలితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

తల్లులారా, అమ్మాయి సరదాకు అడిగితే, స్తోమత ఉంటే, పై జాగ్రత్తలతో కొనిపెట్టండి. అప్పు చేసి మాత్రం కొనవద్దు. సిగ్గుతో అడిగితే, ముందు ఆమెను దగ్గర కూర్చోబెట్టుకొని తల దువ్వండి. ఆ జుట్టు నీ నుండి వచ్చిందో, నాయనమ్మ నుండి వచ్చిందో ప్రేమతో చెప్పు. మేనత్తలూ, అన్నదమ్ములూ, వెక్కిరింపు ఈ నెలనుండే మానండి. మత్తయి సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు మన తలవెండ్రుకలు లెక్కింపబడి ఉన్నాయని చెప్పాడు. ఆ లెక్కలో ఉంగరాల జుట్టు కూడా ఉంది.

ప్రభువు మీ కుమార్తెలను, మీ గృహాలను దీవించును గాక. ఆమేన్.