ఎముక అతికింది.. మరి భుజం?

పోయిన వానాకాలం గచ్చిబౌలి దగ్గర బైక్ స్కిడ్ అయి కుడి భుజం మీద పడ్డాను. కాలర్‌బోన్ మధ్యలో విరిగి, ముక్కలు ఒకదాని మీదకొకటి ఎక్కాయి. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఆరు వారాలకు ఎక్స్‌రే చూసి ‘బాగా అతుకుతోంది’ అన్నారు డాక్టర్. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నా.

ఆ సాయంత్రమే అమ్మ అటక మీది స్టీలు డబ్బా దించమంది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవలేదు. ‘వద్దులేరా, నేనే స్టూలు ఎక్కుతా’ అంది. ఇరవై ఎనిమిదేళ్ల కొడుకుని, కింద నిలబడి స్టూలు పట్టుకున్నా.

తప్పు నాదే. ముందుకు వంగి చెయ్యి మెల్లగా గుండ్రంగా తిప్పమని ఫిజియో మొదట్లోనే చెప్పారు. ప్లేటు ఊడిపోతుందేమోనని భయపడి స్లింగే తీయలేదు. ఆఫీసు పనంతా ఎడమ చేత్తో లాగించేశా. ఎముక అతికేలోపు భుజం కీలు బిగుసుకుపోయింది.

ఇంకో భయం.. మచ్చ కింద ఛాతీ మీద అరచేయంత మేర స్పర్శ లేదు. రాత్రంతా ఫోన్‌లో వెతికి గుండెజబ్బు దాకా వెళ్లిపోయా. అసలు సంగతేంటంటే, ఆ ఎముక మీదుగా చర్మానికి సన్నటి నరాలు వెళ్తాయి. కోత పెట్టినప్పుడు అవి తెగినా, సాగినా తిమ్మిరి వస్తుంది. చాలామందికి కాలంతో తగ్గుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది.

అక్కడ చర్మం పల్చన కాబట్టి ప్లేటు చేతికి తగులుతుంది. బ్యాగ్ పట్టీ, సీటుబెల్టు ఒత్తుకుంటాయి. మరీ ఇబ్బందైతే ఎముక పూర్తిగా గట్టిపడ్డాక, మామూలుగా ఏడాది దాటాక తీయించుకోవచ్చు. లేదంటే అలాగే ఉంచేయొచ్చు.

కానీ కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా, తగ్గిన నొప్పి ఒక్కసారిగా పెరిగినా, చెయ్యి వాచినా, వేళ్లలో పట్టు తగ్గినా ఫోన్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. సిగరెట్ అలవాటుంటే మానేయండి, ఎముక అతకడం ఆలస్యమవుతుంది.

మీకెవరికైనా ఇలాంటి ఆపరేషన్ అయితే ‘ఎముక ఎలా ఉంది’ అని మాత్రమే కాదు, ‘చెయ్యి ఎప్పటి నుంచి, ఎంతవరకు కదపాలి’ అని కూడా అడగండి.

నేను రోజూ వంటగది గోడ మీద వేళ్లతో పైకి పాకిస్తూ వెళ్లేవాణ్ని. ఎంతవరకు అందితే అక్కడ అమ్మ పెన్సిల్‌తో గీత గీసేది. నాలుగో నెలలో డబ్బా నేనే దించా. తెరిచి చూస్తే ఖాళీ! గీతలు మాత్రం అమ్మ ఇంకా తుడవనివ్వడం లేదు.