బొమ్మనహాళ్ ఇసుకలో ఆరుగురు కౌబాయ్‌లు

ఎడారి అంటే మన ప్రేక్షకుడికి తెలిసినవి మూడే రకాలు. డ్యూయెట్టు పాడుకునే ఎడారి ఒకటి. అందులో హీరోయిన్ కొంగు పది గజాలు ఎగరాలి, కాళ్ళు మాత్రం కాలకూడదు! హీరో దాహంతో పాక్కుంటూ పోయే ఎడారి రెండోది. ఇక గుర్రాలూ, తుపాకులూ, ఎక్కడో పాతిపెట్టిన నిధీ ఉన్న ఎడారి మూడోది. ఈ మూడోదాన్ని తెలుగువాడికి చూపించినవాడు మన హీరో కృష్ణ.

అవును, 'మోసగాళ్ళకు మోసగాడు' సంగతే. 1971 ఆగస్టు 27న వచ్చింది. రాసినవాడు ఆరుద్ర, తీసినవాడు కె.ఎస్.ఆర్. దాస్, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. సెర్జియో లియోనీ అనే ఇటలీ దర్శకుడు అమెరికా కథల్ని స్పెయిన్ దేశంలోని అల్మేరియా ఎడారిలో తీసి లోకాన్ని నమ్మించాడు. మనవాళ్ళు అదే బాణీని రాజస్థాన్ ఇసుకలోకి దింపి ఆంధ్రుల్ని నమ్మించారు. ఇటలీవాడికి స్పెయిన్ అమెరికా అయినప్పుడు మద్రాసువాడికి రాజస్థాన్ ఎందుకు కాకూడదూ?

కృష్ణ పోయిన తర్వాత వచ్చిన మొదటి పుట్టినరోజుకి, అంటే 2023 మే 31న, ఆ బొమ్మను 4కె హంగులతో మళ్ళీ విడుదల చేశారు. మా నందికొట్కూరు బ్యాచి ఆరుగురం వెళ్ళి చూశాం. ఈలలు వేసి వేసి నోళ్ళు నొప్పెట్టాయి. హాలు బయటికొచ్చాక మా మెకానిక్ మిత్రుడు జీపు బానెట్టు మీద చెయ్యేసి ప్రకటించాడు: "ఎప్పుడో ఒకసారి ఎడారిలో పడుకోవాలప్పా!"

రాళ్ళు కావాలంటే మాకు ఓర్వకల్లు దగ్గరే. 'బాహుబలి' షూటింగు 2013 జూలైలో మొదలయింది ఆ రాళ్ళ మధ్యనే. నీళ్ళకూ కొదవ లేదు. హంద్రీ-నీవా కాలువకు కృష్ణ నీళ్ళు ఎత్తిపోసేది మా మండలంలోని మల్యాల దగ్గరే. లేనిదల్లా ఇసుక దిబ్బలు. రాజస్థాన్ పోదామంటే జేబులు ఒప్పుకోలేదు. అప్పుడు తెలిసింది, అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో దర్గాహొన్నూరు దగ్గర అచ్చం సినిమా ఎడారిలాంటిది ఒకటుందని.

సంక్రాంతి పోయిన మర్నాడు, 2024 జనవరిలో, బయల్దేరాం. టెంటు హౌసులో అద్దెకు తెచ్చిన టార్పాలిను, రెండు క్యాన్ల నీళ్ళు, ఒక కోడి, ఒక గ్యాసు పొయ్యి. కర్నూలు, డోను, గుత్తి, గుంతకల్లు దాటి బళ్ళారి పొలిమేరలు తగిలి పక్కకి దిగేసరికి పొద్దు వాలుతోంది. జీపులో ఐదుగురం పాటలు పాడుతూనే ఉన్నాం. ఆరోవాడు మా బావమరిది. వాడు మాత్రం నోరు విప్పలేదు.

చూశారూ, ఆ దిబ్బలు కనబడగానే అందరం ఒక్కసారి అరిచాం. ఒక పక్క తుంగభద్ర ఎగువ కాలువ కింద కోసిన వరి మళ్ళు. ఇంకో పక్క పసుపుపచ్చని ఇసుక, గాలి గీసిన గీతలతో సహా! ఒకే ఫ్రేములో కోనసీమా, జైసల్మేరూ పెట్టినట్టుంది. కెమెరామెన్‌కి చెబితే నమ్మడు.

నిజానికిది ఎడారి కాదు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జైసల్మేర్‌కి అందులో సగం కూడా లేదు. మరి ఈ ఇసుకెక్కడిది? ఏటిది. వేదావతిని ఇక్కడ హగరి అంటారు. ఎగువన కర్ణాటకలో వాణీవిలాస సాగరం 1907లోనే కట్టారు. ఇవతల 1961 నాటికి భైరవానితిప్ప ప్రాజెక్టు వచ్చింది. ఆనకట్టలవల్ల కొంత, వానలు ముఖం చాటేసి కొంత, దిగువకి నీళ్ళు తగ్గిపోయాయి. ఎండిన ఏటి ఇసుకను నైరుతి గాలి ఏటేటా ఎత్తి చేల మీద పోస్తోంది. ఆ వాణీవిలాస సాగరం 1933లో పొర్లింది. మళ్ళీ పొర్లింది 2022లో! ఎనభై తొమ్మిదేళ్ళ ఇంటర్వెల్ ఏ హాల్లో ఇస్తారు చెప్పండి?

జీపును దిబ్బ మీదికి ఎక్కించాలని మా మెకానిక్ ఉబలాటం. గేరు మార్చాడో లేదో, తలగుడ్డ చుట్టుకున్న ఒక రైతు చెయ్యి అడ్డం పెట్టాడు. "యా ఊరు సామీ మీది? బండి ఆడనే పెట్టండి. ఆ గడ్డి, ఆ పొదలు ఉండబట్టే ఇసక నిలబడింది. టైరు తొక్కితే ఊడొస్తాది. ఆషాఢంలో అదంతా నా చేన్లోకి వస్తాది." ఆయన చూపించిన వైపు చేనేమీ కనబడలేదు, దిబ్బే ఉంది. దాని కింద ఉందట చేను! ట్రాక్టరు పెట్టి తోడించడం, గాలి మళ్ళీ నింపడం, ఇదీ వరస.

జీపు బాట మీదే ఆపేసి సామాను నెత్తిన పెట్టుకు నడిచాం. అసలు తమాషా అప్పుడు మొదలైంది. మేకు కొట్టడం, అది ఊడడం. కొట్టడం, ఊడడం. ఐదుగురు కౌబాయ్‌లం అరగంట సుత్తితో కుస్తీ పట్టాక మా బావమరిది లేచాడు.

"బావా, ఇసకలో మేకు నిలవదు. ఖాళీ బియ్యం సంచులున్నాయా?"

నాలుగు సంచుల్లో ఇసుక నింపాడు. మూతికి తాడు కట్టి, మోకాటి లోతు గుంటల్లో పూడ్చాడు. గాలికి వీపు పెట్టి గుడారం నిలబెట్టాడు. పావుగంటలో పని అయిపోయింది. ఎక్కడ నేర్చావురా అంటే, "కువైట్‌లో" అన్నాడు.

వాడు నాలుగేళ్ళు అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. కువైట్ వాళ్ళకి ఎడారిలో గుడారాలు వేసుకోవడం పెద్ద వేడుకట. నవంబరు నడిమి నుంచి మార్చి నడిమి దాకా సీజను, మునిసిపాలిటీ లైసెన్సు కూడా ఉంటుంది. ఇల్లిల్లూ కదిలి వెళుతుంది. గుడారం వేసేవాడు, నీళ్ళు మోసేవాడు, జనరేటరుకి డీజిలు పోసేవాడు మాత్రం మన రాయచోటివాడో, రాజంపేటవాడో అయి ఉంటాడు. పిల్లలు ఇసుకలో ఆడుకుంటుంటే వీడు దూరంగా కారులో కూర్చుని, ఫోనులో సొంత పిల్లను చూసుకునేవాడట. పాప పుట్టిన పదినెల్లకి పోయినవాడు, తిరిగొచ్చేసరికి ఆ పిల్ల వీణ్ణి "అంకుల్" అంది.

ఇదంతా వాడు ఏడుస్తూ చెప్పలేదు. కోడి ముక్కలు తిప్పుతూ, ఉప్పు సరిచూస్తూ చెప్పాడు. ఐదుగురికీ వడ్డించి, తన పళ్ళెం తీసుకుని గుడారం బయట కూర్చున్నాడు. లోపలికి రారా అన్నాను. "అలవాటు బావా" అన్నాడు. మా మెకానిక్ ఏమీ అనలేదు. తన పళ్ళెం ఎత్తుకుని పోయి వాడి పక్కన కూర్చున్నాడు. ఒక్కొక్కరం బయటికొచ్చేశాం. అద్దె కట్టి తెచ్చిన గుడారంలో ఆ రాత్రి పడుకున్నది సామాను ఒక్కటే.

చలి మాత్రం ఎముకలు కొరికింది. ఇసుక ఎంత తొందరగా వేడెక్కుతుందో అంత తొందరగా చల్లారుతుంది. పైన నక్షత్రాలు, దూరంగా ఎవరిదో పంపుసెట్టు శబ్దం. మెకానిక్ మెల్లిగా అన్నాడు: "నా షెడ్డులో చేరరాదా?" వాడు లెక్క చెప్పాడు. ఇంటి మీద అప్పు, చెల్లెలి పెళ్ళి బాకీ, షెడ్డులో వచ్చే కూలి, అక్కడ వచ్చే జీతం. లెక్కలో తప్పు పట్టడానికి ఐదుగురం చూశాం. దొరకలేదు.

తెల్లారి అందరం టవళ్ళు మెడకు చుట్టి, వేళ్ళు తుపాకులు చేసి కృష్ణ ఫోజుల్లో ఫోటోలు దిగాం. వాడు గుంటల్లోంచి సంచులు పైకి లాగి ఇసుక కుమ్మరించబోతుంటే రైతు వచ్చాడు. "పొయ్యొద్దు నాయనా, ఆ నాలుగు మూటలూ మీ ఊరికి ఎత్తకపోండి. నాకు అంత తగ్గుతాది." ప్రయాణం మొత్తంలో మా వాడు పగలబడి నవ్వింది అప్పుడే.

పోదలచుకున్న మిత్రులకు ఒక మాట: బండి బాట మీదే ఆపండి, గ్లాసులూ కవర్లూ వెంట తెచ్చుకోండి. అది ఒకరి చేను.

ఫిబ్రవరి మొదట్లో మా బావమరిది మళ్ళీ విమానం ఎక్కాడు. సీజను మార్చి నడిమి దాకా ఉందిగదా, తొందరగా రమ్మన్నారట.