లక్ష రూపాయల రాజీ కాయితం మీద వేలిముద్ర వెయ్యొద్దు

సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. పెద్దమనుషులు నలుగురు పల్లెలోకి వొచ్చారు. ఓట్లప్పుడు తప్ప మన అరుగు తొక్కనివాళ్ళు ఆ రోజు అరుగు మీద కూర్చున్నారు. మంచినీళ్ళు కూడా అడిగి తాగారు. ఒకాయన జేబులో స్టాంపు కాయితం మడత పెట్టి ఉంది.

జరిగింది ఇది. కోడూరు వైపు నుంచి నాట్లకెళ్తున్న ఆడకూలీల ట్రాలీ ఆటోని ఓ కారు గుద్దింది. ముందున్న ట్రాక్టరుని దాటబోయి మనోళ్ళ వైపుకి దూసుకొచ్చింది. కారు ఓ చెరువుల ఆసామిది, నడిపింది ఆయన కొడుకు. ఒక అక్క అక్కడికక్కడే పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు. మొగుడు, ముగ్గురు పిల్లలు. ఇంకొందరికి కాళ్ళూ చేతులూ విరిగాయి. కేసు నడుస్తోంది గనక పేర్లు రాయటం లేదు.

పెద్దమనుషుల మాట: "లక్ష ఇప్పిస్తాం. కేసంటే బందరు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగాలి. పైగా మీ ఆటో కుర్రాడికి లైసెన్సు లేదు. పది మందిని ఎక్కించాడు. లోపలికెళ్ళేది వాడే, ఆలోచించుకోండి."

ఈ ఆఖరి మాటే మనల్ని రెండుగా చీల్చింది. ఆటో కుర్రాడూ మన పల్లె బిడ్డే. చచ్చిపోయినామె తరఫు వాళ్ళు ఓ పక్క, కుర్రాడి తల్లి ఓ పక్క. ఆసామికి కావాల్సింది అదే.

అసలు ఆ లక్ష దేనికి? కారుకి ఇన్సూరెన్సు ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండి తీరాలి. అది కారు కోసం కాదు, కారు కింద పడే మన కోసం. మనకి పరిహారం కంపెనీ కట్టాలి. ఆసామి ఇస్తానన్న లక్ష కొడుకు మీద క్రిమినల్ కేసు రాకుండా. సాక్ష్యం చెప్పే నోళ్ళు మూయటానికి. ఆ అక్క ప్రాణం పేరు చెప్పి కొడుకుని కొనుక్కుంటున్నాడు.

లెక్క వేసి చూద్దాం. పంతుళ్ళం గదా, లెక్క మాకు అలవాటే. ఆమె నెల సంపాదన 9,000 అని కోర్టు ఒప్పుకుందనుకోండి. నలభై లోపు వయసు గనక, ముందు ముందు పెరిగే కూలి కింద 40 శాతం కలపాలని 2017లో సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ కేసులో చెప్పింది. 12,600 అయింది. ఆధారపడ్డవాళ్ళు నలుగురు గనక ఆమె సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. 9,450 మిగిలింది. ఏడాదికి 1,13,400. ముప్పై ఆరు నుంచి నలభై ఏళ్ళ మనిషికి 15తో హెచ్చించాలని 2009లో సరళా వర్మ కేసులో పట్టిక ఇచ్చారు. మొత్తం 17,01,000 రూపాయలు. మట్టి ఖర్చులూ వగైరా వేరే. పదిహేడు లక్షలెక్కడ, పెద్దమనుషుల లక్షెక్కడ?

ఇక ఆటో సంగతి. ట్రాలీ ఆటో సరుకుల బండి. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఆ బండి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. (బస్సులెయ్యరు, ట్రాలీ ఎక్కితే తప్పంటారు. నాట్లకి నడిచెళ్ళమంటారా?) అందుకే కాయితాల్లో తప్పు ఆటో మీదికి నెడితే మనం మునిగిపోతాం. మొదట స్టేషన్లో "ఆటో అదుపు తప్పి" అని రాయబోయారు. ఆడవాళ్ళు కట్లతో వెళ్ళి కూర్చుంటే గాని కారు నంబరు ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కలేదు. లైసెన్సు లేనంత మాత్రాన గుద్దిన తప్పు అతనిదైపోదని 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒకవేళ రెండు బళ్ళ తప్పూ ఉందనుకున్నా, ఎక్కి కూర్చున్న కూలీల తప్పేముంది? అలాంటప్పుడు మొత్తం డబ్బు ఏ ఒక్కరి దగ్గరైనా రాబట్టుకోవచ్చని 2015 తీర్పు. అంటే కారు కంపెనీ మొత్తం కట్టాలి. పంపకాలు వాళ్ళూ వాళ్ళూ తర్వాత తేల్చుకుంటారు. ఈ ఒక్క ముక్క తెలిసినాక రెండు పక్కలవాళ్ళూ ఒకే అరుగు మీద కూర్చున్నారు.

కంపెనీ వకీలు "జీతం చీటీ ఏది?" అంటాడు. నాట్లేసినామెకి జీతం చీటీ ఏ ఆసామి ఇచ్చాడు? 2004లో ప్రమాదం పాలైన ఓ కూలీ నెలకి 4,500 వస్తుందంటే కింది కోర్టు 3,000కి కోసింది. 2011లో సుప్రీంకోర్టు ఆ కోత తప్పంది. కూలీ దగ్గర కాయితాలుండవని ఒప్పుకుంది. అది పట్టుకోండి. జాబ్ కార్డు చూపించండి, తోటి కూలీలు సాక్ష్యం చెప్పండి.

అయినా ఈ లెక్కలోనే ఓ మోసం ఉంది, దాచం. కూలిని బట్టి ప్రాణం ఖరీదు. ఇంజనీరు పోతే కోట్లు, కూలీ పోతే లక్షలు. మన కూలిని తొక్కి పెట్టింది ఎవరు? మగాడికో రేటు, ఆడదానికో రేటు పెట్టింది ఎవరు? గట్టు మీద చేసిన ఆ అన్యాయాన్నే కోర్టు 15తో హెచ్చించి చేతిలో పెడుతోంది. కూలి రేట్ల పోరాటం, ఈ క్లెయిము పోరాటం వేరు వేరు కాదని సంఘాల్లో పనిచేసేవాళ్ళకి చెబుతున్నాం.

చెయ్యాల్సింది చెబుతాం. పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కి పంపాలని 2022 ఏప్రిల్ నుంచి రూలుంది. పంపారా లేదా అడగండి. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, కారు ఆర్సీ, పాలసీ నకళ్ళు తీసుకోండి. ఆర్నెల్ల లోపు కేసెయ్యాలని అప్పట్నుంచే గడువు పెట్టారు. గడువు దాటిందన్న కారణంతో కొట్టెయ్యొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయినా దాని మీద భరోసా పెట్టుకోవద్దు, ఆర్నెల్లలోనే వెయ్యండి. మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు. ఎస్సీ, ఎస్టీలకీ ఆడవాళ్ళకీ ఎంత ఆదాయమున్నా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 చట్టం. బందరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. వచ్చినదాంట్లో వాటా అడిగే వకీలు బార్ కౌన్సిల్ రూలు తప్పుతున్నట్టే. ఆసుపత్రి గుమ్మంలో వకాలతు మీద సంతకం పెట్టించుకునే బ్రోకర్ని దగ్గరికి రానివ్వొద్దు.

కోర్టులు దేవుళ్ళని మేం అనటం లేదు. చుండూరులో 1991లో జరిగిన మారణకాండకి, కోర్టుని ఊళ్ళోకే రప్పించుకుని 2007లో శిక్షలు వేయిస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అయినా చుండూరు వాళ్ళు రాజీ కాయితం మీద సంతకం పెట్టలేదు.

ఆ రోజు అరుగు మీద ఆ అక్క పెద్ద కూతురు, పదో తరగతి చదివే పిల్ల, స్టాంపు కాయితం తీసుకుని పైకే చదివింది. "ఇకపై ఎటువంటి క్లెయిము చేయము" అన్న దగ్గర ఆగి, కాయితం మడిచి ఆయనకే ఇచ్చేసింది. పెద్దమనుషులు లేచెళ్ళిపోయారు. వాయిదా తేదీ తెలియగానే పల్లెల్లో చెబుతాం. ఆటోలో ఉన్న ఆడవాళ్ళంతా సాక్ష్యానికి వస్తున్నారు. వాళ్ళకి ఆ రోజు కూలి పోతుంది. సంఘం తరఫున చందా పోగు చేస్తున్నాం.