టికెట్టు ఇక్కడ.. పడవ అక్కడ!

భద్రాచలం: రాములవారి దర్శనం చేసుకుని పాపికొండల విహారానికి బయలుదేరే యాత్రికుడు తనకు తెలియకుండానే రాష్ట్రం దాటుతున్నాడు. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పడవ ఎక్కే పోచవరం రేవు వరరామచంద్రపురం మండలంలోనిది. దళారులకు ఈ సరిహద్దే పెట్టుబడి.

బస వద్ద తారసపడిన వ్యక్తి భోజనంతో సహా ఒకే ధర అంటాడు. ఫోన్‌లో సొమ్ము వేయించుకుంటాడు. రసీదు మాత్రం ఇవ్వడు. తీరా రేవుకు చేరాక ఆ పేరుతో టికెట్టే లేదంటారు. తిరిగి ఫోన్ చేస్తే పలకడు. ఫిర్యాదు ఏ రాష్ట్రంలో చేయాలో తేలక బాధితులు మిన్నకుండిపోతారు.

పోయేది సొమ్మొక్కటే కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద గోదావరిలో పర్యాటక బోటు మునిగింది. అందులోని 77 మందిలో ప్రాణాలతో బయటపడింది 26 మందే. వరద వేళ అధికారులు విహారం నిలిపివేసినా ‘మా పడవకు అడ్డు లేదు’ అనే దళారి మాట నమ్మరాదు.

సొమ్ము చెల్లించే ముందే పడవ పేరు, అనుమతి, బయలుదేరే రేవు అడగాలి. ముద్రిత రసీదు తీసుకోవాలి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కరాదు. ఆన్‌లైన్‌లో మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ‘జీరో ఎఫ్‌ఐఆర్’ నమోదు చేయాలని 2024 జులై 1 నుంచి అమలవుతున్న కొత్త చట్టం చెబుతోంది. ‘మా పరిధి కాదు’ అన్న మాటకు ఇక తావులేదు. ఆ సంగతి యాత్రికులకు తెలియాలి. అంతకన్నా ముందు ఠాణాల్లో అమలు కావాలి.