పోపుల పెట్టె పరిమళం

పోయిన సంచికలో పట్టుచీరలు దాచుకోవడం గురించి రాశాను. అది చదివి, "పెళ్ళిళ్ళకి ఘాటైన అత్తరు రాసుకుంటే చీర పాడవదా? అసలు ఆ మసాలా వాసన మనవాళ్ళకి నప్పుతుందా?" అని కొందరు అడిగారు. ఈసారి ఆ ముచ్చటే చెప్పుకుందాం.

నప్పకపోవడమేమిటండీ! కొండవీటి కుమారగిరి రెడ్డికి సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయ్యసెట్టికే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. మనుచరిత్రలో దారి తెలియక తిరుగుతున్న ప్రవరుడికి మనిషి జాడ ముందుగా తెలిసింది కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన వల్లనే. తిరుమలలో శుక్రవారం అభిషేకం తరువాత స్వామికి పూసేది పునుగు తైలం.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో చేసే షమామా అత్తరు ఈ జాతిలో పేరున్నది. లవంగం, ఏలకులు, జాజికాయ, జాపత్రి, జటామాంసి, రాతిపువ్వు వంటి ఎన్నో దినుసులను రాగి పాత్రల్లో నీళ్ళతో కాచి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపుతారు. మా బరంపురం పక్కన గంజాం తీరంలో మొగలిపూల అత్తరు తీసేదీ ఇలాంటి పద్ధతిలోనే. ఫ్రెంచివారి షాలిమార్ (1925), ఓపియం (1977) కూడా ఈ వెచ్చని వాసనల కోవలోవే. పూల వాసన, నిమ్మ వాసన తొందరగా ఎగిరిపోతాయి. చెక్క, వేరు, బంక వాసనలు మెల్లగా వదులుతాయి కనుక రాత్రంతా నిలుస్తాయి.

మా అత్తగారు వట్టివేళ్ళు, గంధకచ్చూరాలు, తుంగముస్తెలు, లవంగాలు, జాపత్రి దంచి, పచ్చకర్పూరం చేర్చి పొడి చేసేవారు. చీరల పెట్టెలో ఓ మూట, పండగనాడు మెడ దగ్గర చిటికెడు. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా అది రాసుకుని బడికి వెళితే, తోటి పిల్లలు "కిరాణా కొట్టు వాసన" అని ఏడిపించారు. ఆ రోజు నుంచీ అది మళ్ళీ ముట్టుకోలేదు. అత్తగారు ఏమీ అనలేదు. ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తున్న ఆ పిల్లే, మొన్న వచ్చినప్పుడు తన జీతంతో కొన్న ఖరీదైన సీసా మూత తీసి, "అమ్మా, ఇది కొంచెం మామ్మ పొడిలా ఉంది, కానీ అది కాదు. దాని కొలతలేమిటి?" అంది. దినుసుల పేర్లు చెప్పగలిగాను. ఏది ఎంతో అత్తగారి చేతికే తెలుసు. ఇద్దరం మూడుసార్లు దంచి చూశాం. దగ్గరకొచ్చింది గాని, అది కాలేదు.

పరాయి రాష్ట్రాల్లో ఉన్న మనం భాష నిలవాలని సభలు పెట్టుకుంటున్నాం, బాగానే ఉంది. ఇలాంటి చిన్న సంగతులు మాత్రం ఎవరూ అడక్కుండానే పోతున్నాయి.

ఇక వాడకం సంగతి. ఘాటైన అత్తరు ఒక్క చుక్క చాలు. స్నానం చేశాక, నగలు పెట్టుకోకముందే, మణికట్టు మీద, చెవి వెనక రాసుకోండి. పట్టు మీద, ముత్యాల మీద పడనివ్వకండి. పట్టుకి అంటిన నూనె మరక ఓ పట్టాన పోదు. కొనేముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. లవంగం, దాల్చినచెక్క నూనెలు కొందరికి దద్దుర్లు తెప్పిస్తాయి. అసలు వాసన అరగంట తరువాతగాని బయటపడదు. కాసేపటికి మన ముక్కు అలవాటుపడి, వాసన పోయిందనుకుంటాం. మళ్ళీ రాయకండి, పక్కవాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు, బస్సుల్లో, ఏసీ గదుల్లో, చంటిపిల్లల దగ్గర, ఆయాసం ఉన్నవారి దగ్గర వద్దు. చలికాలం సాయంత్రాలకి, రాత్రి ముహూర్తాలకి ఇది చక్కగా ఉంటుంది.

మీ ఇళ్ళలో ఇలాంటి పొడి, సాంబ్రాణి, అగరు చేసే పెద్దవాళ్ళుంటే ఈ సెలవుల్లో పక్కన కూర్చోండి. వాళ్ళు "గుప్పెడు" అంటే ఆ గుప్పెడు తూచి, గ్రాముల్లో రాసిపెట్టుకోండి. ఒక ప్రతి మాకూ పంపండి. వచ్చే సంచికల్లో మీ ఊరి పేరుతో వేద్దాం.